మన వాన లెక్క మనమే రాసుకోవాలి



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న జూన్ రెండో వారంలో నాన్న ఫోన్ చేశాడు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే కొండ మీది చింతచెట్టు దాకా ఎక్కాలి. అంత దూరం ఎక్కి చేశాడంటే ఏదో ఉందని నాకు తెలుసు. "ఒరేయ్, టీవీలో రుతుపవనాలు తొందరగా వచ్చేశాయన్నారు. మే నెలాఖర్లో వాన కూడా పడింది. చోడి నారు పోసేశాను. ఇప్పుడు చూస్తే చుక్క లేదు, నారు మాడిపోతోంది. నువ్వు డిగ్రీ చదువుతున్నావు కదా, చెప్పు, వాన ఎప్పుడొస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. "వస్తుందిలే నాన్నా" అన్నాను. అది మా ఊళ్లో చదువు రానివాళ్లు కూడా చెప్పే మాటే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడిని నేనే మొదటివాడిని. నాన్న నన్ను అడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదే. ఫోన్ పెట్టేశాక హాస్టల్ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ తర్వాత నాలుగు నెలలుగా దొరికింది దొరికినట్టు చదివాను, ఊరెళ్లినప్పుడల్లా పెద్దలని అడిగాను. నాకు అర్థమైంది ఒక్క మాటలో చెప్పాలంటే, మన కొండల్లో బతుకంతా వాన ఎప్పుడు పడుతుందన్న దాని మీద నిలబడి ఉంది. బయటివాళ్లు మాత్రం ఎంత పడిందన్న లెక్క చూసి ఊరుకుంటున్నారు. ఆ రెండింటి మధ్యలో మన నష్టం ఎవరికీ కనబడకుండా పోతోంది.

ముందు ఈ ఏడాది సంగతే చూడండి. రుతుపవనాలు కేరళకి మామూలుగా జూన్ 1న రావాలి. 2025లో మే 24కే వచ్చేశాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం ఇదే. రెండు మూడు రోజుల్లోనే మన రాష్ట్రంలోకీ వచ్చాయి. అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత మే 29 నుంచి జూన్ 16 దాకా ముందుకి కదలకుండా ఆగిపోయాయి. నాన్న నారు మాడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. సీజన్ అయ్యాక సెప్టెంబర్ 30న లెక్క తీస్తే దేశం మొత్తానికి 108 శాతం వాన. అంటే మామూలు కంటే ఎక్కువ. పేపర్లో "మంచి వానాకాలం" అని రాశారు. మా మడిలో మాడిన నారు ఆ 108లో ఎక్కడుంది?

పోనీ 2023 చూడండి. ఆ ఏడాది ఎల్ నినో. సీజన్ మొత్తానికి దేశంలో 94 శాతం వాన పడింది. ఆరు శాతమే కదా తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ ఆగస్టులో లోటు 36 శాతం. 1901 నుంచి లెక్కలు ఉంటే, అంత ఎండిన ఆగస్టు ఇంకోటి లేదు. సెప్టెంబర్లో మళ్లీ బాగా పడింది, లెక్క సరిపోయింది. ఆగస్టులో కంకి వేయాల్సిన సామకి సెప్టెంబర్ వాన ఏం చేస్తుంది?

ఇంకొకటి. 2009లో కూడా రుతుపవనాలు మే 23కే వచ్చాయి, ఈ ఏడాది కంటే ఒక రోజు ముందు. చివరికి ఆ సీజన్ 22 శాతం లోటుతో ముగిసింది, దేశమంతా కరువు. అంటే ముందొస్తే మంచిదనీ కాదు, మొత్తం సరిపోతే చాలనీ కాదు.

ఎందుకిలా అవుతుందో నాకు అర్థమైనంత చెప్తాను. తప్పుంటే సైన్స్ చదివే అన్నయ్యలు సరిచేయండి. వానాకాలంలో సముద్రం నుంచి నీరు నింపుకున్న గాలి మన నేల మీదకి వస్తుంది. మన కొండలకి ఎక్కువ వాన బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల వల్లే. ఉత్తర భారతం మీదుగా బంగాళాఖాతం దాకా ఒక ద్రోణి ఉంటుంది. అది మన వైపు ఉంటే మనకి వాన. అది హిమాలయాల పాదాల దగ్గరికి జరిగిపోతే అక్కడ వరదలు, ఇక్కడ ఎండ. దాన్నే వానలకి విరామం అంటారు. విరామాలు ఎప్పుడూ ఉన్నవే. మన తాతలకీ తెలుసు. ఎల్ నినో, అంటే ఎక్కడో పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం, వచ్చిన ఏడాది చాలాసార్లు ఈ విరామాలు పొడుగవుతాయి.

కొత్తగా వచ్చింది ఏంటంటే, సముద్రాలూ గాలీ వేడెక్కడం వల్ల పడే వాన కూడా గుంపుగా పడుతోంది. మనకి పై పక్కనున్న మధ్య భారతంలో 1950 నుంచి 2015 దాకా వానలు చూసిన శాస్త్రవేత్తలు, ఒకేసారి పెద్ద ప్రాంతం మీద కుండపోతగా పడే వానలు మూడు రెట్లు పెరిగాయని 2017లో తేల్చారు. చాలా రోజులు ఎండ, తర్వాత రెండు రోజుల్లో అంతా కుమ్మరింత. నెలాఖరుకి మొత్తం కూడితే "నార్మల్".

ఇప్పుడు అడవిలోకి రండి. అసలు సంగతి అక్కడుంది.

మన వైపు గుగ్గిలం చెట్లు ఉన్నాయి కదా, శ్రీకాకుళం నుంచి మన కొండల దాకా. ఈ చెట్టుకి దక్షిణాన ఇదే చివరి హద్దు. దాని గింజ వేసవి చివర, వానల ముందు రాలుతుంది. గింజకి రెక్కలుంటాయి, గాలికి తిరుగుతూ పడుతుంది. చిన్నప్పుడు మనమంతా వాటితో ఆడుకున్నవాళ్లమే. ఆ గింజ చోడి గింజలా ఏళ్ల తరబడి దాచుకునేది కాదు. నేల మీద పడ్డాక దాని ప్రాణం వారం పది రోజులే. ఆ లోపల తడి తగిలితే మొక్క, లేకపోతే చెత్త. అంటే అది రాలే రోజూ వాన వచ్చే రోజూ కలవాలి. కలవకపోతే ఆ ఏడాది పిల్ల మొక్కలు లేనట్టే. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి అడవి పచ్చగానే కనిపిస్తుంది. కింద పిల్లలు లేని సంగతి దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. ఇప్ప గింజదీ దాదాపు ఇదే కథ.

ఇప్పపువ్వు సంగతి అమ్మలకి చెప్పక్కర్లేదు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే బుట్ట పట్టుకుని వెళ్తారు. రాత్రి గబ్బిలాలు ఆ పువ్వు మీద వాలుతాయి, పరాగం మోసేవి అవే. పొద్దున రాలిన పువ్వుకి మనమూ, ఎలుగుబంటీ, లేడీ పోటీ. పువ్వు ఏరాక ఎండబెట్టాలి. సరిగ్గా అప్పుడు రెండు రోజులు వాన పట్టిందంటే పువ్వు నల్లబడి బూజు పడుతుంది. కాఫీ వేసుకున్నవాళ్లకి అదే మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడాలి. ఆ తడి తగిలితేనే మొగ్గ విచ్చుతుంది. ఒకే వాన ఒకే ఇంట్లో కాఫీకి వరం, ఇప్పపువ్వుకి శాపం. అందుకే "వాన మంచిదా చెడ్డదా" అంటే మన దగ్గర ఒక్క జవాబు ఉండదు. ఏ రోజు, దేనికి అని అడగాలి.

ఉసిళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో గొడవ అంతా వాటి దగ్గరే మొదలైంది. తొలి వానకి పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం పెట్టి పట్టి వేయించుకుంటాం. కప్పలకీ, బల్లులకీ, పక్షులకీ ఆ రోజు పండగే. తప్పించుకున్నవి రెక్కలు రాల్చేసి మెత్తబడ్డ నేలలోకి దూరి కొత్త పుట్ట మొదలుపెడతాయి. కొన్ని రకాల పుట్టల మీద తర్వాత పుట్టగొడుగులు లేస్తాయి. అవి మన కూర. నానమ్మకి ఉసిళ్లు లేవడం పెద్ద గుర్తు. ఈ మే నెలాఖర్లో అవి లేచాయి. "ఇంక నారు పోసేయండి" అంది. నాన్న పోశాడు. తర్వాత పదిహేను రోజులకి పైగా ఎండ.

జూన్లో ఇంటికెళ్లినప్పుడు నానమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపమేమో అనుకున్నా. అది సిగ్గు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, ఊరంతా ఆమెని అడిగి విత్తనం వేసేది, ఆ మాట తప్పిందని సిగ్గుపడుతోంది. "నువ్వు తప్పు చెప్పలేదు నానమ్మా, ఉసిళ్లే మోసపోయాయి" అన్నాను. నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. నిజంగానే ఉసిళ్లూ, గుగ్గిలం గింజా, నానమ్మా, నాన్నా ఒకే గుర్తు చూసి నడిచేవాళ్లు. ఆ గుర్తు తప్పితే అందరికీ ఒకేసారి దెబ్బ.

నీళ్లు కూడా ఇంతే. మన ఊళ్లలో తాగేది ఊట నీళ్లు. నెమ్మదిగా పది రోజులు పడిన ముసురు వాన ఆకు మీద పడి, మట్టిలోకి ఇంకి, కొండ లోపల నిలిచి వేసవి దాకా ఊటలో వస్తుంది. అదే వాన రెండు గంటల్లో పడితే గెడ్డ పొంగి, మట్టిని కూడా తీసుకుపోతుంది. కొండకి మిగిలేది తక్కువ. ఇది మన ఒక్కరి సమస్య అనుకోకండి. గోస్తనీ పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల గుండా పారి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. శారదా నది నీళ్లు రైవాడకి వెళ్తాయి. ఈ రెండు జలాశయాల నీళ్లూ విశాఖపట్నం తాగుతుంది. నేను హాస్టల్లో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీళ్లు మన కొండ ఇంకించిన వానే అయ్యుండొచ్చు.

ఇక నాకు కోపం తెప్పించిన రెండు మాటల గురించి చెప్తాను. ఒకటి బయటివాళ్లది, ఒకటి మనది.

క్లాసులో ఒకడు అన్నాడు, "మీవాళ్లు పోడు కొట్టి అడవి నరకడం వల్లే వానలు పోయాయి" అని. ఆ రోజు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెప్తాను. రుతుపవనాల్ని నడిపేది సముద్రం వేడీ నేల వేడీ. కేరళ దాటిన గాలి పద్దెనిమిది రోజులు ఆగిపోవడానికీ, పసిఫిక్ వేడెక్కడానికీ మా నాన్న అరెకరం పోడు కారణం కాదు. గాలిని వేడెక్కించే పొగలో మన ఊళ్ల వాటా ఎంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. మా ఊళ్లో కారు లేదు.

కానీ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. కొండ బోడి అయితే ఊట తగ్గుతుంది, మట్టి కొట్టుకుపోతుంది. అది మన చేతిలో ఉన్న విషయమే. తాతల కాలంలో ఒక కొండ కొట్టాక చాలా ఏళ్లు వదిలేసేవాళ్లు, అడవి మళ్లీ లేచేది. ఇప్పుడు చోటు లేదు, తొందరగా అదే కొండకి తిరిగొస్తున్నాం. వాన కుండపోతగా పడే కాలంలో బోడికొండకి దెబ్బ రెట్టింపు. వానని మనం పాడుచేయలేదు. పాడైన వానని తట్టుకునే బలం కొండకి ఉంచాలా వద్దా అన్నది మాత్రం మన నిర్ణయం.

రెండో మాట మన గ్రూపులోనే తరచూ కనిపిస్తుంది. "మన పెద్దలకి ప్రకృతి అంతా తెలుసు, మనకి వాతావరణ శాఖ అక్కర్లేదు." పెద్దల మీద నాకు గౌరవం లేక కాదు, కానీ ఈ మాట వాళ్లకే అన్యాయం చేస్తోంది. నానమ్మ జ్ఞానం గాల్లోంచి రాలేదు. ఆమె, ఆమె అమ్మ, ఆమె అమ్మమ్మ ఏళ్ల తరబడి చూసి కట్టిన లెక్క అది. చైత్రంలో ఇటుకల పండగా, మామిడి కొత్తా, కొర్ర కొత్తా, ఏది ఎప్పుడు తినాలీ ఎప్పుడు విత్తాలీ అన్నదంతా ఆ లెక్కే. వాన నడక మారితే లెక్క మళ్లీ కట్టాలి. పెద్దలు బతికుండగానే, వాళ్లతో కూర్చునే కట్టాలి. పొగుడుతూ కూర్చుంటే వాళ్లు పోయాక మనకి పండగ పేర్లు మిగులుతాయి, లెక్క మిగలదు.

ప్రభుత్వం లెక్క సంగతికొద్దాం. కరువు ప్రకటించేటప్పుడు వాన లోటూ చూస్తారు, వానల మధ్య ఎండిన రోజులూ చూస్తారు. అది మంచిదే. కానీ మండలం మొత్తానికి కలిపి చూస్తారు. మన మండలాల్లో కొండకి ఈ పక్క పడిన వాన ఆ పక్క పడదు. మండల కేంద్రంలో పడితే గుట్ట మీది ఊళ్లో పడినట్టు రాస్తారు. పంట బీమా నోటిఫై చేసిన పంటలకే. నల్లబడ్డ ఇప్పపువ్వుకీ, తగ్గిన చింతపండుకీ, పడిపోయిన తేనెకీ బీమా లేదు. మన ఇళ్లలో సగం ఏడాది కూడు అడవి నుంచే వస్తుంటే, ఆ సగం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. రిజిస్టర్‌లో లేని నష్టానికి పరిహారం ఎవరిస్తారు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సిల్వర్ ఓక్ చెట్లు ఒక్క రోజులో పడిపోయాయి. వాటి కింద నీడన ఉన్న కాఫీ, వాటికి పాకిన మిరియం తీగ కూడా పోయాయి. అది పెద్ద దెబ్బ, అందరికీ కనబడింది, అధికారులు వచ్చారు. ఈ ఏడాది జూన్‌లో మాడిన నారు కోసం ఎవరూ రాలేదు. తప్పు వాళ్లదే అని నేను అనట్లేదు. మాడిందని చెప్పడానికి మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

అందుకే నేను అడిగేది ఇది. ప్రతి ఊరికీ ఒక వాన పుస్తకం పెడదాం. వంద పేజీల నోటుబుక్కు చాలు. అందులో రాయాల్సినవి:

1. రోజూ పొద్దున వాన కొలత. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి, చెట్ల కింద కాకుండా ఖాళీ చోట కదలకుండా పెట్టి, స్కేలుతో ఎన్ని మిల్లీమీటర్లో కొలవాలి. బడికెళ్లే పిల్లలు చేయగలరు.

2. గుర్తుల తేదీలు. ఇప్ప తొలి పువ్వు, ఉసిళ్లు లేచిన రోజు, గుగ్గిలం గింజ రాలిన రోజు, తొలి పుట్టగొడుగు, వలిసె పూత, ఊట తగ్గిన రోజు.

3. మనం చేసిన పని తేదీలు. నారు ఎప్పుడు పోశాం, ఎప్పుడు నాటాం, ఏది పోయింది, ఎంత పోయింది. ఫోన్ ఉంటే ఒక ఫొటో.

4. పెద్దల మాట. ఈ ఏడాది గుర్తు నిలిచిందా తప్పిందా, వాళ్ల మాటల్లోనే.

ఇది చేస్తే వాన రాదు, నాకూ తెలుసు. కానీ మూడు నాలుగేళ్లలో మూడు పనులవుతాయి. గ్రామసభలో కాగితం చూపించి మాట్లాడొచ్చు. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకి విలువిచ్చాయి. చేతిలో కాగితం ఉంటే ఆ విలువకి బలం వస్తుంది. రెండోది, ఏ గుర్తు ఇంకా నమ్మొచ్చో ఏది నమ్మకూడదో తెలుస్తుంది. మూడోది, వాతావరణ శాఖ చెప్పిందాన్ని మన ఊరికి సరిపెట్టుకోవడం వస్తుంది. "రుతుపవనాలు వచ్చాయి" అంటే "నారు పోయండి" అని కాదని మా ఇంట్లో ఈ ఏడాది నేర్చుకున్నాం. ఖరీదు పెట్టి నేర్చుకున్నాం.

ఆ ఖరీదు కూడా చెప్పి ఆపేస్తాను. నానమ్మ చోడి విత్తనాన్ని ఎండిన ఆనపబుర్రలో దాస్తుంది. ఆమె పెళ్లై వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం అది. ఎప్పుడూ సగం వేసి సగం ఉంచుతుంది. వానని నమ్మొద్దని వాళ్ల అమ్మ చెప్పిందట. ఈ ఏడాది మొదటి నారు మాడాక ఆ మిగతా సగం కూడా పోశారు. ఆలస్యంగా నాటారు. ఇప్పుడు అక్టోబర్, కంకి చిన్నగానే ఉంది, కోతకి ఇంకా టైముంది. ఇది తుఫాన్ల కాలం. బుర్ర ఖాళీగా గోడకి వేలాడుతోంది. చేలో ఉన్నది ఇంటికొస్తేనే ఆ విత్తనం ఉన్నట్టు.

నాన్న మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నేనే ముందు అడిగాను, ఊట ఎలా ఉంది, కంకి ఏ రంగుకి వచ్చింది, వలిసె పూసిందా అని. తేదీలతో సహా రాసుకున్నాను. "ఇవన్నీ నీకెందుకురా" అన్నాడు. "వచ్చే ఏడాది నువ్వడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా నాన్నా" అన్నాను.

హాస్టళ్లలో ఉన్నవాళ్లంతా ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బులు పంపమని అడిగే ముందు ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు కింద కామెంట్లో ఊరి పేరుతో, తేదీతో రాయండి. మొదటి పేజీ ఇక్కడే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.